బతికుంటేనే బేరం

హలో… ఆ, నేనే అల్లుడుగారూ, మీ మామని. … అరవకండి, నాకింకా చెవుడు రాలేదు.

అమ్మాయా? ఆస్పత్రిలో ఉంది. … ఎందుకేమిటండీ, నిన్న మీరు విరిచిన చేతికి కట్టు కడుతున్నారు. రెండెముకలట.

మధ్యాహ్నంలోగా తను ఇంటికి రాకపోతే? … తన కుక్కపిల్లనా? … బాల్కనీలోంచి పడేస్తారా. మూడో అంతస్తు. … ఊఁ.

ఒక్కమాట. చచ్చిన కుక్క కోసం ఎవరొస్తారండీ? బతికుంటేనే కదా బేరం. … అదీ! లోపలికి రండి ముందు.

ఏమిటా చప్పుడు? … గ్లాసా? దేనిమీద విసిరారు? — కుయ్యిమంది. నాకు వినపడింది.

నిన్న మిమ్మల్ని కరిచిందా? … చీలమండ మీద. నాలుగు గాట్లా! … అది కరిచే జాతి కాదండీ, ఒళ్లో కూర్చోవడానికే పుట్టింది. దొంగొచ్చినా తోకూపుతూ ఎదురెళ్తుంది. దాని మనిషి మీద చెయ్యెత్తితే మాత్రం… మీరెత్తారు కదా. … కాదు కాదు, తప్పు కుక్కదే. మనిషైతే ఊరుకునేది. మా అమ్మాయి మూడేళ్లు ఊరుకోలేదూ?

మా మేనమామకీ ఇలాంటి పిడికెడు కుక్కే ఉండేది. చొక్కా జేబులో నిద్ర. ఓసారి ఎద్దు ఆయన్ని కుమ్మబోతే జేబులోంచి దూకి దాని ముక్కు పట్టింది. మూడ్రోజులు వదల్లేదు. ఆ ఎద్దు కుక్కని వేలాడేసుకునే ఎకరం దున్నింది. … కోతలా? సగం తీసెయ్యండి, మిగతాది నిజం.

ఆయాసమా… మెట్లెక్కుతున్నా. డెబ్బై రెండేళ్లు, ఆయాసం రాక అందం వస్తుందా? … ఆస్పత్రికి మెట్లుండవా ఏమిటి?

అది చప్పుడు చెయ్యట్లేదేం? … పడుకుందా, పడిపోయిందా? సరిగ్గా చూడండి. … పొద్దున్నుంచి ఏమన్నా పెట్టారా? … అయ్యో. గుప్పెడు పొట్టండీ, రోజుకి నాలుగుసార్లు, నాలుగేసి ముద్దలు. ఆకలేస్తే సొమ్మసిల్లుతుంది. వంటింట్లో తేనె ఉంటుంది. చిగుళ్ల మీద రాయండి. … నేనున్నా, వెళ్లండి.

రాశారా? … కళ్లు తెరిచిందా! … మీ వేలు నాకుతోందా?

చూశారా దాని గుణం. ఇందాక దానిమీద గ్లాసు విసిరిన వేళ్లే కదా అవి.

ఏదో గీరుతున్నట్టుంది… తలుపునా? అయితే ఒంటికి వెళ్లాలి. దానికంతే, మూడు గంటలకోసారి. అమ్మాయి బయట మెట్ల దగ్గర పాత పేపరు పరిచి అలవాటు చేసింది. ఇంట్లో చస్తే పొయ్యదు. … తంతే ఇంకా ఏడుస్తుంది. అన్ని అంతస్తులూ మీ గుమ్మంలోకి దిగుతాయి, మీ ఇష్టం.

పోలీసులా? ఒట్టు, పోలీసన్నవాడు ఒక్కడూ లేడు. … నా మాట మీద నమ్మకం లేకపోతే, పోనీండి, మీ కొత్త సోఫా మీదే పోయించండి. … హా! అలా రండి దారికి.

ముందు గడియ తీసిపెట్టుకోండి. … ఇప్పుడు ఎత్తుకోండి, రెండు చేతులతో. గ్లాసు దెబ్బకి దాని ఒళ్లు వాచి ఉంటుంది, ఒంటిచేత్తో ఎత్తితే తన్నుకుని జారిపోతుంది. … ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకోండి. … ఆ, కాలితో లాగండి తలుపు. ఇంకాస్త.

నమస్కారం, అల్లుడుగారూ.

పెద్దాడా, ముందు కుక్క! … ఇలా ఇయ్యి, నా చొక్కాలో పెట్టు. అమ్మో, ఎంత వణుకో. … ఇప్పుడు వాడి మెడ.

గింజుకోకండి. మీ బావగారు వెల్డింగు షాపు మూసి మరీ వచ్చాడు, ఇనుప గేట్లే వంచుతాడు. … తలుపు పడదు లెండి, నా చేతికర్ర అడ్డం పెట్టా.

వాడి చొక్కా చింపకురా, పెద్దాడా. చొక్కా ఏం చేసింది?

ఒరేయ్ అల్లుడూ. మా అమ్మాయి చెయ్యి విరిచింది కుడిచేత్తోనా, ఎడంచేత్తోనా? … వినపడలేదు. … గట్టిగా. … ఆఁ.

పెద్దాడా, కుడిదట.

ఇక ఫోనెందుకు, ఎదురుగానే ఉన్నాంగా.