గువ్వ మాటలు

చంపేశాడండీ. ఆ కొత్తాయన మన గువ్వని చంపేశాడు.

ఖాళీ కుర్చీతో మాట్లాడుతోంది, పిచ్చిదనుకుంటారు ఎవరైనా చూస్తే. అనుకోనివ్వండి. మీరు పోయి రెండేళ్లు దాటినా ఈ గదిలోకి వస్తే నా నోరు ఊరుకోదు. మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మీతోపాటే మీ కొండమనిషి కథలు కూడా ఆగిపోతాయనుకున్నాను. పబ్లిషరు గారు ఇంటికొచ్చి, "పాఠకులు ఊరుకోవడం లేదమ్మా, ఇంకొకాయన చేత రాయిస్తాం, అట్ట మీద మీవారి పేరే పెద్దగా వేస్తాం" అంటే సరేనన్నాను. కాదనడానికి కొండమనిషి నాకేమవుతాడు గనక? ఆ మనిషెత్తు కత్తి, ఆ మంత్రగాళ్లు, పాముతలల సైన్యాలు, పేజీకి నాలుగు తెగిపడే చేతులు. నాకు ఏనాడూ ఎక్కలేదని మీకూ తెలుసు. నేను చదివిందల్లా వాడి వెంట తిరిగే ఆ చిన్నపిల్ల, గువ్వ కోసం.

మొదటి రెండు పుస్తకాలూ పరవాలేదండీ. అచ్చం మీలా అనను గానీ, కొండమనిషి నడకా ఆ మొండితనమూ బాగానే పట్టుకున్నాడు. గువ్వ మాత్రం పెద్దగా కనిపించలేదు. ఒకదాంట్లో అది ఎవరో ముసలావిడ గుడిసెలో నిద్రపోతూ ఉంది. రెండోదాంట్లో గుర్రం మీద కొండమనిషి వెనక కూర్చుని ఉంది, ఒక్క మాటా లేదు. పోనీలే, ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

మొన్న మూడోది వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి పేజీలు తిప్పుతున్నాను. కోటగోడ దగ్గర మంత్రగాడు కొండమనిషి మీదకి వదిలిన బాణం ఆ పిల్లకి తగిలింది. అంతే. పట్టుమని రెండు పేజీలు కూడా లేదు. ఇక మిగతా పుస్తకమంతా పగే. కొండమనిషి కత్తి దూయడం, కోట నేలమట్టం చేయడం. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందండీ. వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

మందుల షాపాయన అడిగాడు కూడా. "చదివారా అమ్మా? ఆ పిల్ల పోయాక నాకు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఏం రాశాడమ్మా" అన్నాడు. మెచ్చుకుంటున్నాడు. ఆయనకేం తెలుసు? అసలు ఎవరికి తెలుసు? మీరు ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మన గువ్వ, నేను కన్న గువ్వ, ఆ పాడు జ్వరంలో పోయేనాటికి దానికి ఆరేళ్లు కూడా నిండలేదు. మీరు నెలల తరబడి కలం ముట్టుకోలేదు. నాతోనూ మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున్నే కాగితాలు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి, "ఇది విను" అన్నారు.

మంచు కనుమలో తిరగబడ్డ బండి కింద కొండమనిషికి ఓ పిల్ల దొరికింది. వాడి పేరు చెబితే రాజ్యాలు హడలిపోతాయి కదా, ఈ పిల్ల వాణ్ణి ఎగాదిగా చూసి, "నీ గడ్డంలో ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగింది. నేను ముందు నవ్వాను. తర్వాత, అది మన గువ్వేనని తెలిసింది.

"దీన్ని మాత్రం పోనివ్వను" అన్నారు. అన్నారా లేదా?

నిలబెట్టుకున్నారు కూడా. ఎన్ని కోటలు కూలినా, ఎంతమంది మంత్రగాళ్లు మీద పడ్డా, చివరికి గువ్వ బతికే ఉండేది. నేను చివరి పేజీ ముందు చదివి, అప్పుడు మొదలుపెట్టేదాన్ని. ఇన్ని పుస్తకాల్లోనూ దానికి ఒక్క ఏడాది కూడా మీద పడలేదు. ఎవరో పాఠకుడు తప్పు పట్టుకుని అడిగితే మీరు నవ్వి ఊరుకున్నారు.

అందుకే నిన్న పబ్లిషరు గారి ఆఫీసుకి వెళ్లాను. నలుగురిలో కడిగేద్దామనే వెళ్లాను.

కింద అచ్చు మిషన్లు తిరుగుతుంటే పైన నేలంతా అదురుతూనే ఉంది, మీరు చెప్పేవారు కదా. ఆ కొత్తాయన కిటికీ పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కాకి ఒక బొత్తాం తప్పించి పెట్టుకున్నాడు. నేనెవరో చెప్పగానే లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. బడిలో ఉన్నప్పటి నుంచీ మీ పుస్తకాలే చదివాడట.

"పిల్లని ఎందుకు చంపారు బాబూ" అన్నాను. గట్టిగా అడుగుదామనుకున్నాను. బతిమాలినట్టు వచ్చింది.

కథ రక్తి కట్టాలనో, కొండమనిషికి పగ ఉండాలనో ఏదో చెబుతాడనుకున్నాను.

"నా వల్ల కాలేదమ్మా" అన్నాడు. "కొండమనిషి వచ్చాడు, మంత్రగాళ్లు వచ్చారు. ఆ పిల్ల నోరు తెరిస్తే మాత్రం నా గొంతే వినిపిస్తోంది. ఎన్నిసార్లు రాసి చింపేశానో. అందుకే ఆ రెండింట్లో మాట్లాడనివ్వలేదు. ఎంతకాలమని నోరు నొక్కి ఉంచను? నా ముద్దుమాటలు అంటగట్టి పాడుచేసే బదులు, సారు ఎలా ఇచ్చారో అలాగే పంపించేద్దామనుకున్నాను."

ఏమని తిట్టమంటారు ఆ మనిషిని?

చెప్పేశానండీ. ఇన్నేళ్లలో మొదటిసారి పరాయివాళ్ల దగ్గర. "అది ఊహించి రాసిన పిల్ల కాదు బాబూ. మా పిల్ల."

కళ్లజోడు తీసేశాడు. పడిపోయిన కుర్చీ లేపి దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు గానీ కూర్చోలేదు. "బతికిస్తానమ్మా" అన్నాడు. "మంత్రాల కథే కదా, దారులు బోలెడు. ఆ బాణం తగిలింది మాయపిల్లకని రాస్తాను. కానీ నాకు మాటలు కావాలి. మీరు కన్నతల్లి. పాప ఎలా మాట్లాడేదో చెప్పండి, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తాను."

ప్రూఫు కాగితం తిరగేసి పెన్ను పట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చిందండీ.

"చీమలు పడుకునేటప్పుడు దీపం ఎవరు ఆర్పుతారని అడిగేది" అన్నాను.

ఆయన రాయలేదు. "అది మంచు కనుమ పుస్తకంలో ఉందమ్మా" అన్నాడు మెల్లిగా.

"తినమంటే, నా పొట్ట ఇవాళ సెలవు పెట్టింది అనేది."

"అదీ ఉందమ్మా. నల్లకోట ముట్టడిలో, కాపలా సైనికుడితో అంటుంది."

"నడిచి నడిచి, నా నీడకి నిద్రొస్తోంది, ఎత్తుకో అనేది."

ఈసారి ఆయన పెన్ను కింద పెట్టేశాడు. తల దించుకున్నాడు. ఇక నేను అడగక్కర్లేకపోయింది.

అక్కడే కూర్చుని వెతికానండీ. దాని గౌను గుర్తుంది. చెవి వెనక మచ్చ గుర్తుంది. మాట ఏది తలుచుకున్నా మీ పుస్తకంలోదే. అందులో అది నిజంగా అన్నదెంతో, మీరు అల్లిందెంతో నాకు తెలియడం లేదు. అది మంచినీళ్లు అడిగి ఉంటుంది కదా. అలిగి ఉంటుంది. నాతో పోట్లాడి ఉంటుంది. ఒక్కటీ రాలేదు.

"వద్దు బాబూ, ఉండనివ్వండి" అని లేచాను. మీవీ దానివీ ఇప్పటికే కలిసిపోయాయి. వాటిలో ఆయనవి కూడా కలిస్తే నేనేం చేసుకోను? పాపం, మెట్లు దిగి రోడ్డు దాకా వచ్చాడు.

మీ మీద కోపం లేదండీ. మీకు చేతనైనట్టు మీరు దాన్ని కాపాడారు. నేనే, మీరు రాసిందాన్ని చదువుకుంటూ, నేను కన్నదాన్ని పోగొట్టుకున్నాను.

ఒక్కటి మాత్రం రాత్రంతా నన్ను తొలిచేసింది. బండి కింద దొరికిన పిల్ల కదా, మీ పుస్తకాల్లో దానికి తల్లి లేదు. అందుకని అన్ని పేజీల్లో ఎక్కడా అది "అమ్మా" అని పిలవదు. ఆ ఒక్కటీ మీరు రాయలేదు. అదెలా పిలిచేదండీ? సాగదీసేదా, పొట్టిగా అనేదా?

నాకు గుర్తు రావడం లేదు.