వాగు చప్పుడు ఆగిన పొద్దున

నాలుగు రోజులుగా వాన. వంటింట్లో అత్త, భూగర్భ శాస్త్ర శాఖలో పనిచేసే కోడలు.

“అమ్మాయ్, వాగు చప్పుడు వినపడట్లేదేంటి?”

“వాన తగ్గిందేమో అత్తయ్యా.”

“ఎక్కడ తగ్గింది, చూరు ధార కడుతుంటే! కొండలో నిద్రపోయే కొండపాము లేచిందేమోనే. లేవగానే వాగంతా తాగేసి, ఆనక ఒళ్ళు విరుచుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది.”

“ఏ వాగు?”

“ఈ వాగే. వాళ్ళ ముత్తాతల కాలంలో లేచి సగం ఊరిని మింగిందట. ఏంటలా అయిపోయావు?”

“పోయిన నెల బడి దగ్గర తవ్వించాం. రెండు నిలువుల లోతున, బురదలో పొయ్యిరాళ్ళు దొరికాయి. మసి కూడా అలాగే ఉంది. అప్పటి ఊరు ఆ బురద కిందే పూడిపోయింది. ఇప్పుడు కూడా పైన కొండ జారి వాగుకి అడ్డం పడినట్టుంది అత్తయ్యా. నీళ్ళు దాని వెనక నిండుతున్నాయి. అది తెగితే...”

“ఉండవే, పొయ్యి ఆర్పి చెప్పులేసుకుంటాను.”

“నా భుజం పట్టుకోండి. చెప్పులొద్దు, పొయ్యి వదిలేయండి! ఒడ్డు మీద వాళ్ళందర్నీ కేకెయ్యండి!”

మిట్ట ఎక్కి వెనక్కి చూసేసరికి, ఇల్లున్న చోట బురద కదులుతోంది.

“అందరూ వచ్చేశారు అత్తయ్యా. ఇంకా అటే ఎందుకు చూస్తున్నారు?”

“మీ ఆయనకి చిన్నప్పుడు ఆ పాము కథ చెప్పే అన్నం తినిపించేదాన్ని. వాడు భయపడి ఏడిస్తే, ఉత్తిదేరా అని నవ్వేదాన్ని.”