గుజ్జోళ్ల బాన

ఓబుళమ్మ అని, మా అవ్వకు అవ్వ. మనిషి ఇంత లావు, నవ్విందంటే పక్క వీధికి వినపడేదంట. ఆయమ్మకు ఒకటే పట్టింపు, ఎవురింటి గిన్నె తెచ్చుకున్నా ఉత్తది తిరిగియ్యదు. మనమూ అంతే కదా, పిడికెడు పప్పులన్నా వేసిస్తాం. ఆ పట్టింపే ఆయమ్మ కొంప ముంచింది. ఏమైందంటే, కొడుకు పెండ్లి వచ్చింది. ఊరందరికీ సంగటి కెలకాలంటే అంత బాన యాడా లేదు. మన గుట్టమీద రాకాసి గుళ్లు ఉండాయి చూడు, చుట్టూ బండలు నిలబెట్టి, పైన ఒక బండ మూసి, ముందర గుండ్రంగా బొక్క పెట్టినవి. పేరుకే రాకాసి గుళ్లు, అందులో ఉన్నింది మోకాలెత్తు గుజ్జోళ్లంట. బొక్క కాడ నిలబడి అడిగితే పెండ్లికి సామాన్లిస్తారు. ఈయమ్మ పోయి అడిగింది. తెల్లారేసరికి నల్లటి బాన బయట ఉండాది. అంత చిన్న బొక్కలోంచి ఇంత బాన ఎట్లొచ్చిందని నన్నడగొద్దు, నేనేమన్నా చూసినానా. లోపల్నుంచి ముసిలి గుజ్జోడు చెప్పినాడంట, మా ఇంట్లో ఒకటే కట్టడి తల్లీ, వస్తువు ఎట్ల చేతికొస్తే అట్లే తిరిగియ్యాల, అని.

పెండ్లి అయిపాయ. ఆ మాట గుర్తుండాది గానీ, ఉత్త బాన ఎట్లిచ్చేదని ఓబుళమ్మ నిండా పూర్ణం ఓళిగలు పెట్టి ఇచ్చొచ్చింది. గుజ్జోళ్లు ఓళిగ మొగమే ఎరగరు, మూతులు నాక్కుంటా తిన్నారు. తిన్నాక దిగులు పట్టుకునింది. నిండు బాన చేతికొచ్చింది, నిండుగానే తిరిగియ్యాల కదా. ఎర్రపూసలు నింపి ఆయమ్మ గడప ముందర పెట్టిపోయిరి. ఈయమ్మ ఊరుకుంటుందా, పూసలు తీసుకొని కొర్రలు పోసింది. వాళ్లు మళ్లీ పూసలు. ఈయమ్మ మళ్లీ రాగులు. బాన గుట్ట ఎక్కుతాండాది, దిగుతాండాది, దానికి కాళ్లు రావడం ఒకటే తక్కువనుకో. కోడలికి మెడనిండా పూసలే, కడుపులో సంగటి లేదు. ఓబుళమ్మ మొగుడు తల పట్టుకున్యాడు, విత్తనం గింజలే మిగిలినాయి, అవీ పోతే వానకు ఏం చల్లేది అని.

చెప్తే వినే మనిషా. ఆ విత్తనం రాగులే బానలో పోసుకొని ఏడ్చుకుంటా గుట్టెక్కింది. ఎక్కితే లోపల వాళ్లూ ఏడుస్తాండారు. ముసిలోడు తల బయటపెట్టి, "తల్లీ, పూసలు అయిపాయ. ఇది గూడా పెట్టిపోతే కట్టడి తప్పినోళ్లమై మేం ఇల్లిడిచి పోవాల" అన్యాడు. నాకూ ఇవే ఆఖరు తాతా, అయినా ఉత్తది ఇయ్యలేను అనింది ఈయమ్మ. ఇద్దురూ కూర్చున్నారు. ముసిలోడు తల గోక్కొని గోక్కొని, ఇచ్చింది తిరిగి అడగని ఇల్లు మీలో యాడన్నా ఉందా అని అడిగినాడంట. ఎందుకు లేదు, పుట్టిల్లు, పుట్టింటోళ్లు పెట్టిన సారె ఎవురన్నా తిరిగిస్తారా అనింది.

"అయితే నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు. బాన నీకు సారె. తీసకపో."

బొట్టు పెడదామంటే నుదురు అందలేదు. బాన ఎక్కి, రాగుల్లో నడుందాకా దిగబడి పెట్టినాడంట. ఓబుళమ్మ నవ్వింది చూడు, ఆ నవ్వుకు గుడి పైబండ పక్కకు జరిగింది. ఇప్పుడూ వంకరగానే ఉండాది, పోయి చూసుకో.

గుజ్జోళ్లు ఆమీట యాడికి పోయినారో తెలీదు. మా ఇంటి ఆడోళ్లం మాత్రం మొగుడితో గొడవైతే గుట్టెక్కి ఆడ కూర్చుంటాం, వాడొచ్చి బతిమాలేదాకా దిగం. మొన్న టోపీ పెట్టుకొని ఒకాయన వచ్చి, ఇవి సమాధులమ్మా అన్యాడు. నేను చెప్పేది నువ్వు రాసుకుంటాండావు కదా నాయనా, అట్ల రాయొద్దు. అది మా పుట్టిల్లు.