లడ్డూలకు నూలు రంగు

ఆగస్టు పద్నాలుగు, మధ్యాహ్నం. చౌటుప్పల్‌లో నరహరి మిఠాయి దుకాణం. కల్తీ తిండి పట్టుకునే ఆఫీసరు రూప లడ్డూల తట్టల ముందు నిలబడి ఉంది. గల్లా దగ్గర నరహరి తల్లి రాజమణి.

“గా డబ్బా ఎందుకు దాస్తున్నరు నరహరీ? ఇటియ్యున్రి.”

“దాస్తలేను మేడమ్, పక్కకు జరుపుతున్న.”

“మూతకు నూలు పోగు కట్టి ఉందేంది?”

“ఏ రంగో గుర్తుకు. మాది మగ్గం ఇల్లు గద. మా నాయిన రంగు డబ్బాలన్నిటికీ గట్లనే కడుతుండె.”

“అంటే ఇది నూలుకు అద్దే రంగు.”

“మంచి రంగు మేడమ్! పదిసార్లు ఉతికినా పోదు.”

“కడుపుల పడ్డా పోదు. తట్టలన్నీ సీజ్ చేస్తున్న.”

“అయ్యో! అరవై కిలోలు మేడమ్! రేపు జెండా పండుగ. బడి పిల్లలకు పంచాలె. హెడ్‌మాస్టర్ సారుకు ఏం చెప్పాలె?”

“బిస్కెట్లు పంచుకొమ్మని చెప్పున్రి.”

“జెండా పండుగకు బిస్కెట్లా!”

“పిల్లలు దవాఖానల పండేదానికన్న నయం.”

“అమ్మా, నువ్వన్న చెప్పరాదే మేడమ్‌కు!”

“జర కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?”

“వద్దవ్వా.”

“చాయ్‌ల రంగు ఎయ్యంలే.”

“నవ్వియ్యకవ్వా, రాసుకోనియ్యి. నరహరీ, ఒక్కటే అడుగుత. గీ రంగు తినేది గాదని మీకు ఎరుకేనా?”

“ఎరుకుంటే?”

“కేసు. దుకాణం బంద్.”

“ఎరుక లేకుంటే?”

“తెల్వక చేసిండని రాస్త. జర తేలికయితది.”

“ఎరుకే లేదు మేడమ్! గుట్ట నరసింహస్వామి మీద ఒట్టు. రంగంటే అన్నీ ఒకటే అనుకున్న. మగ్గపోళ్ళ తెలివి!”

“నిజమేనా?”

“మా అమ్మను అడుగున్రి.”

“అవును బిడ్డా. మావోడు ఒట్టి అమాయకుడు. ఏం తెల్వదు.”

“సరే, గట్లనే రాస్తున్న… అవ్వా, మీ ఇంట్ల పిల్లలున్నరా?”

“ఉన్నది, మనుమరాలు. వర్షిత. మూడో తరగతి.”

“గీ లడ్డూలు తిన్నదా? తింటే ఇయ్యాలనే దవాఖానల చూపియ్యాలె.”

“ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా. లడ్డంటే పానమిస్తది గని, వీటిని ముట్టనియ్యడు. దానికి సరిపోయేటన్ని మావోడు రంగు కలపకముందే తీసి పక్కకు పెడతడు.”