కంపౌండరు చింపిన ధోతి

బోధన్ దగ్గరి చెరుకు ఊరు. మధ్యాహ్నం. వాకిట్లో భోజన్న, అతని భార్య చంద్రవ్వ, తాడు కట్టిన కుక్క కంపౌండరు. బయట ఆటోలో చంద్రవ్వ తమ్ముడు ముత్యం.

“...నిజామాబాద్‌ల షుగర్ డాక్టర్లందరు ఒక దిక్కు, మా కంపౌండరు ఒక్కడే ఒక దిక్కు. నాకు షుగర్ పడిపోవుడు నాకంటె ముందుగాల గీ కుక్కకే ఎరుక.”

“డాక్టర్లను తూకమేసింది సాలు గని, తాడు ఇడువు. ముత్యం దీన్ని కందకుర్తికి తీస్కపోయి ఇడిసొస్తడు. ఎంతసేపు కూసోవాలె వాడు?”

“కూసోనీ. హైదరాబాద్‌ల ఆర్నెల్లు ట్రైనింగైన కుక్క. జర ఓపిక పట్టాలె.”

“హైదరాబాదా? బోధన్ బస్టాండ్ కాడ మిర్చిల బండి కింద పండుకుంటె, నువ్వే గోనె సంచిల ఏసుకొచ్చినవ్.”

“సరే, బస్టాండే. ట్రైనింగ్ మాత్రం అయింది. నేనే ఇచ్చిన.”

“ఏం ట్రైనింగయ్యా?”

“ఇన్సులిన్ సూదేసుకున్నంక బువ్వ ఆలస్యమైతే నాకు చెమటలు పడ్తయి గదా. గప్పుడు బెల్లం ముక్క నోట్లేసుకుంట, సగం దీనికేస్త. గట్ల గట్ల, గా చెమట వాసనొచ్చిందంటె బెల్లమొస్తదని దీనికి తెల్సిపోయింది. నాకు తెల్వకముందే వచ్చి మోకాలు గీకుతది.”

“గీకుతది సరే. మొన్న సోమారం పక్క చేను రాందాసన్న ధోతి ఎందుకు చింపింది? కొత్త ధోతి. ఊరందరి ముంగట నా ఇజ్జత్ పోయింది.”

“చెప్పిన గదా. రాందాస్ దాని తోక తొక్కిండు.”

“తోక తొక్కితె కాలు కరుస్తది. ధోతి పట్టుకొని గుంజుతదా?”

“గదంత ఎందుకు... సూడు సూడు, ఇప్పుడే గీకుతున్నది. షుగర్ పడ్తున్నట్టుంది. బెల్లం డబ్బ నీ చేతిలనే ఉన్నది, తే.”

“ఆగు. వేలు ఇటు తే. మిషిన్ల సూస్త.”

“కంపౌండరు చెప్పినంక మిషినెందుకే?”

“వేలు.”

“పట్టు. మెల్లగ పొడువు.”

“నూట నలబై రెండు. యాడ పడ్డది?”

“మిషిన్ల సెల్లు ఐపోయినట్టుంది.”

“నిన్ననే ఏసిన. డబ్బ సూసి గీకింది నీ కంపౌండరు. నువ్వు, అది కల్సి నాతోని ఆటలాడుతున్నరు.”

“ఒప్పుకుంట. పదిసార్లల్ల మూడుసార్లు బెల్లం కోసమే ఏషాలేస్తది. నా తీరే.”

“మరింకేంది? తమ్మీ ముత్యం, రా, తాడు పట్టుకో.”

“ఆగు చంద్రవ్వ. జర ఆగు.”

“ఇంకేం కథ చెప్తవ్?”

“కథ కాదు. సోమారం సూదేసుకొని, తినకుంటనే చేనుకు పోయిన.”

“తిన్ననని చెప్పినవ్ గదా నాకు?”

“చెప్పిన.”

“...బెల్లం?”

“జేబుల లేదు. ఇంట్లనే మర్చిపోయిన.”

“మరి? ఏమైందయ్యా? రాందాసన్న గూడ తోక తొక్కిన అనే చెప్పిండు నాకు.”

“నేనే గట్ల చెప్పుమన్న. తెలిస్తె నన్ను ఒక్కన్ని చేనుకు పోనియ్యవని. తోక ముచ్చట నేను అల్లింది చంద్రవ్వ. చెరుకు సాలల్ల సోయి లేకుంట పడ్డ నా కాడికి, గా ధోతి పట్టుకొనే గుంజుకొచ్చింది రాందాస్‌ను.”