పాడి ఆగితే

1946 వేసవి. పిల్లలెవరూ లేని నరసరావుపేట బడిలో సంగీతం మేష్టారూ, ఆయన దగ్గర నేర్చుకున్న అమ్మాయీ మాట్లాడుకుంటున్నారు.

“మద్రాసు పోయి కచేరీలు చేసే చదువెందుకమ్మాయ్? సంగీతం పంతులమ్మ చదువైతే బళ్లో ఉద్యోగం ఖాయం.”

“పాఠం చెప్పాలంటే నాకు భయం మేష్టారూ.”

“ఏంది భయం? నువ్వొక వరస పాడి ఆగితే, పిల్లలు తిరిగి పాడతారు. అంతేగా?”

“ఆగితేనే భయం. ఈ గదిలో ఒక్కదాన్నే సాధన చేస్తన్నా, ఆగినప్పుడల్లా ఎవరో తిరిగి పాడతన్నారు. కచేరీలో అయితే ఆగే పని లేదు.”

“పిచ్చిదానా! గోడలు మోగుంటాయి. ఏదీ, నా ముందర ఒక్క వరస పాడి ఆగు.”

“స రి గ మ, ప ద ని స.”

ఖాళీ బెంచీల్లోంచి ఒక సన్నటి గొంతు అదే వరస తిరిగి పాడింది.

“విన్నారా? మేష్టారూ, ఏడుస్తన్నారేంది?”

“రి దగ్గర తప్పింది చూడు. జొరమొచ్చి కన్నుమూసేదాకా ఎంత దిద్దినా, మా అమ్మాయి కరుణకి ఆ రి పలకనే లేదు.”

“పోదాం పదండి మేష్టారూ, నాకు చానా భయంగా ఉంది.”

“మద్రాసొద్దు తల్లీ, ఇక్కడే పాఠం చెబుదువుగాని. మళ్లీ పాడు. పాడి, ఆగు.”