ఇటలీలో తేలిన వేరు

ఇటలీ సరిహద్దు కొండల్లో మా ఊరి రాతితోట సంఘం పెద్ద క్రెసెంజ్. ఆ ఏడు తోట ఎవరికి అప్పగించాలో తేల్చడానికి అందర్నీ సారాకొట్టు అరుగు మీద కూర్చోబెట్టింది. తోటంటే బండల మధ్య అరవై ఏళ్ళ పరుపుమొక్కలు, రాతిని అంటిపెట్టుకుని చిన్న పరుపులా గుబురుగా, నత్తనడకన పెరిగే కొండమొక్కలు. చూసేవాడు పొరపాటు చేశాడా, మళ్ళీ అరవై ఏళ్ళు ఆగాల్సిందే. ఆ పని మీద ఆవులు మేపే సెవెరిన్‌కి పదేళ్ళుగా కన్ను. గ్లాసు ఖాళీ చేసి అందుకున్నాడు.

"ఆ మొక్క సంగతి నాకంటే ఎవరికి తెలుసక్కా? మా కొట్టం వెనక బండ పగుల్లో ఒక్క గింజ వేశా. ఒక్కటే! అరచేయంత అవడానికి ఎవరిదైనా ఇరవై ఏళ్ళు తీసుకుంటుందా, నాది ఒక్క వేసవిలో తలుపంతయింది. ఆకు కనపడితే ఒట్టు, అంతా గులాబిరంగు పూలే!"

"తలుపంతా?" అన్నాడు రొట్టెలు కాల్చే కాసియన్.

"మీ ఇంటి తలుపు కాదురా, చర్చి తలుపు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన బెత్తెడు మొక్కకి కింద బారెడు వేరుంటుంది కదా, నా దాని వేరు కొండని తొలుచుకుంటూ పోయి అవతల ఇటలీలో తేలింది! అక్కడొకావిడ దాని మీద బట్టలారేసుకుంటోంది. తడి దుప్పటి పడ్డప్పుడల్లా ఇక్కడ నా పూలు ఊగుతాయి. ఒళ్ళుమండి ఇటు నేను లాగితే, అటు ఆవిడ లాగింది, కొండ కిర్రుమంది!"

"మాకు వినపడలేదే?" అన్నాడు కాసియన్.

"నువ్వు గురకపెడుతుంటే ఏం వినపడుతుందిరా! ఇంకా విను. మొన్న మార్చిలో మంచుచరియ విరిగి ఊరి మీదికొచ్చిందా, సరిగ్గా నా మొక్క మీద పడి, పరుపు మీద పిల్లాడిలా ఎగిరి, మళ్ళీ శిఖరమెక్కి కూర్చుంది! మీరంతా బతికున్నారంటే దాని చలవే!"

అరుగంతా ఈలలు. క్రెసెంజ్ మాత్రం నవ్వలేదు.

"ఇంతకీ ఏం పెట్టి పెంచావయ్యా?"

సెవెరిన్ ఛాతీ పొంగింది. "పేడక్కా! మా ఆవులది, మూడు బండ్లు! పైగా రోజూ పది బిందెల నీళ్ళు!"

ఈలలు టక్కున ఆగిపోయాయి.

"కంకర తప్ప ఏం పెట్టినా ఓర్చుకోదు ఆ మొక్క. పిడికెడు పేడకే వారంలో కుళ్ళిపోతుంది," అంది క్రెసెంజ్. "పేడేస్తే అంతంత పెరిగేవి ఈ కొండల్లో నీ కోతలొక్కటే. కాసియన్, రేపట్నుంచి తోట నువ్వు చూడు. ఇతగాడు కంచె దాటబోతే ముందు చేతులు వాసన చూసి పంపు."